ఇప్పచెట్టు కింద టేకాకులు

మొన్న మా మనవరాలు ఇప్పపువ్వు లడ్డూల పెట్టె ఒకటి పట్టుకొచ్చింది. ఆడవాళ్ళ సంఘం వాళ్ళు బజారులో దుకాణం పెట్టారట. రంగుల అట్టపెట్టె, దాని మీద ఒక చెట్టు బొమ్మ. "వీటిలో ఇనుము ఎక్కువట అమ్మమ్మా, నీకు మంచిది" అని నా చేతిలో ఒకటి పెట్టి, తను మాత్రం ముక్కు మూసుకుంది.

నెయ్యి వేశారు, బెల్లం వేశారు, నువ్వులు, పల్లీలు దంచి కలిపారు. ఎన్ని కలిపితే మాత్రం ఆ వాసన దాగుతుందా? ఇప్పపువ్వు వాసన నచ్చినవాళ్ళకు ప్రాణం, నచ్చనివాళ్ళకు తలనొప్పి. మా అమ్మది రెండో రకం. తొంభై ఏళ్ళు దాటి బతికింది, అందులో అరవై పైచిలుకు ఏళ్ళు ఒక ఇప్పచెట్టుకు పిలుపు దూరంలో బతికింది, అయినా చివరిదాకా ఆ వాసన ఆవిడకు పడలేదు. ఆ చెట్టు కోసం కన్నకొడుకుతో మాత్రం ఒక వానాకాలమంతా మాట్లాడలేదు.

లడ్డూ చేతిలో ఉండగానే లెక్క తట్టింది. శివరాత్రి వెళ్ళి పది రోజులైంది. పువ్వు రాలే రోజులు దగ్గర పడ్డాయి. పొలం దగ్గర ఉండే మా తమ్ముడికి ఫోన్ చేసి, చెట్టు కింద ఊడ్చారా అని అడిగాను. లేదన్నాడు. ఆకంతా రాలి మోకాలి లోతు పడి ఉందట. గూడెం నుంచి ఈసారి ఎవరూ రాలేదట. ఇంకో వారం పోతే పువ్వు ఆ ఆకుల్లోనే పడి కుళ్ళిపోతుంది, పోనీ తోటలో పనిచేసే వాళ్ళ చేత ఊడ్పించనా అని అడిగాడు.

"చీపురు ముట్టుకోవద్దు. నేనొస్తున్నా" అన్నాను.

అచ్చం అమ్మ అన్నట్టే అన్నావక్కా అన్నాడు వాడు. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు.

ఖమ్మంలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, దారి పొడుగునా అమ్మే.

మాది కృష్ణ ఒడ్డు నుంచి వలస వచ్చిన కుటుంబం. అడవి అంచున పొలం చవకగా దొరుకుతుందని ఎవరో చెబితే, నాన్న ఉన్న కాస్త పొలం చెక్క అమ్ముకుని దమ్మపేట అవతలికి వచ్చాడు. ఆ నేల అంతకు ముందు ఎవరిదో, ఎన్ని చేతులు మారి నాన్న చేతికి వచ్చిందో అడిగే వయసు అప్పుడు నాకు లేదు. అడగాల్సిన వయసు వచ్చాక నేనూ అడగలేదు. నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. బండి మీద మంచం, రోకలి, ఆవకాయ జాడీలు, వాటి నడుమ అమ్మ. ఆవిడ ఒళ్ళో పిల్లాడున్నాడు, చేతిలో చీపురుంది. చీపురు సామానులో పెడితే విరుగుతుందని దారంతా చేతిలోనే పట్టుకుని వచ్చింది.

ఆ చీపురు సంగతి చెప్పకపోతే మా అమ్మ సంగతి చెప్పినట్టు కాదు. తెల్లవారుజామున లేచి ఇల్లు ఊడ్చేది, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది, తర్వాత దొడ్డి, దొడ్డి బయట బాట. అక్కడితో ఆగే మనిషైతే వేరేగా ఉండేది. బాట అవతల కంచె మొదట్లో, కంచె అవతల పశువులు నిలబడే చోట, ఊడ్చుకుంటూ పోవడమే. ఆవిడ చేతిలో చీపురు ఉంటే మంచం మీద కూర్చున్నవాడు అల్లుడైనా సరే కాళ్ళు పైకి పెట్టుకోవాల్సిందే. మీ అమ్మని వదిలేస్తే భద్రాచలం దాకా ఊడ్చుకుంటూ పోయి రాములవారి చేత కూడా కాళ్ళు ఎత్తిస్తుందని నాన్న నవ్వేవాడు. చెత్త అంటే అమ్మకు తగవు లాంటిది. కళ్ళ ముందు కనిపిస్తే తేల్చకుండా నిద్రపోదు.

మా చేలో నట్టనడుమ పెద్ద ఇప్పచెట్టు ఉండేది. ఇప్పుడూ ఉంది. మేము వచ్చింది తొలకరికి ముందు, అప్పటికి ఆ ఏటి పువ్వు రాలడం అయిపోయింది. అందుకని మాకు అది నీడనిచ్చే ఒక చెట్టు, అంతే. గూడెం అక్కడికి అరమైలు. మా వైపు కోయవాళ్ళను దొరలు అంటారు, ఆడవాళ్ళను దొరసానులు. పనికి గూడెం దొరసాని వస్తుందని నాన్న చెబితే అమ్మ ఏ పట్టుచీరనో, నగలనో ఊహించుకుందట. వచ్చినామె నోట్లో చుట్ట, నడుముకు కొడవలి, మోకాళ్ళ పైకి బిగించి కట్టిన ముతక చీర. వెనకాల పది మంది ఆడవాళ్ళు. ఆమె కూర్చోమంటే వాళ్ళు కూర్చునేవాళ్ళు, లేవమంటే లేచేవాళ్ళు. అమ్మకంటే పదేళ్ళు పెద్ద. ఒక చేలో ఇద్దరు మేస్త్రీలు ఉంటే ఎలా ఉంటుందో మొదటి ఆరు నెలలు అలా గడిచింది. అమ్మ నాటు వరుస ఇలా అంటే ఆమె అలా అనేది. అయినా ఏ వాగు నీళ్ళు తాగాలో, ఏ పుట్ట దగ్గరికి పిల్లల్ని పోనివ్వకూడదో మాకు చెప్పింది ఆమే. ఆమె కూతురు బడిలో నా పక్కన కూర్చునేది. నా ఈడుదే. దానికి నేను జంతికలు పెట్టేదాన్ని, అది నాకు తునికిపండ్లు తెచ్చేది.

ఆ ఏడు మిరప వేశాం. మొదటి కోత బాగా వచ్చింది. రెండో కోతకి చేనంతా ఎర్రగా మాగింది. కోసిన కాయలో తాలుకాయ, అంటే రంగు పోయిన పనికిరాని కాయ, ఏరి పారేయడానికి కాస్త చదునైన చోటు కావాలి. అమ్మ చూపు ఇప్పచెట్టు మీద పడింది. ఆకంతా రాలి చెట్టు మోడై నిలబడి ఉంది, కింద ఎండుటాకులు గుట్టలు. ఇంకేముంది, అమ్మకు పండగ. ఒక పూటంతా చెట్టు చుట్టూ ఇంత మేర ఊడ్చింది. నేను ఆకులు గంపలకెత్తాను, తమ్ముడు తొక్కాడు, నాన్న అగ్గి పెట్టాడు. అది చాలదన్నట్టు పేడతో అలికింది. అలికినాక ఊరుకుంటే అమ్మ ఎందుకవుతుంది, ఆరాక నాలుగు గీతల ముగ్గు కూడా వేసింది. అడవి అంచున ఇప్పచెట్టు కింద ముగ్గు. చూసినవాళ్ళు ఏమనుకున్నారో మాకు తెలియదు.

మర్నాడు కోతకి గూడెం నుంచి ఒక్కరూ రాలేదు.

ఆ మర్నాడూ రాలేదు. నాన్న వెళ్ళి అడిగితే మాకు వేరే పనుంది అన్నారట, అంతే. కోపంగా కాదు, గొడవగా కాదు. తలుపు దగ్గరగా వేసినట్టు ఒక్క మాట. నాన్న మళ్ళీ వెళ్తానంటే అమ్మ వద్దంది. రానివాళ్ళ గడప తొక్కడమేమిటి, మనకు చేతులు లేవా అంది. అలా మొదలైంది మా సొంత కోత. నాన్న, అమ్మ, బడి నుంచి వచ్చాక నేను. మిరపకాయ కోయడం చూడటానికి ఆటే. రెండో రోజుకి వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు ఉంటాయి. తమ్ముడు ఆ చేతుల్తో కళ్ళు నులుముకుని ఊరు లేచిపోయేలా ఏడ్చాడు. అమ్మ అందరి చేతులకీ మజ్జిగ రాసేది, తన చేతులకి రాసుకునేది కాదు. ఎంత కోసినా చేను తరగలేదు. ముదిరిన కాయ మొదట్లో రాలి మట్టిలో కలుస్తోంది. ఏడాది బతుకంతా ఆ చేలోనే ఉందని నాకు కూడా తెలుసు, ఎందుకంటే నాన్న నవ్వడం మానేశాడు.

ఆ వారంలోనే పువ్వు రాలడం మొదలైంది. పొద్దున్నే లేచేసరికి ఆ వాసన ఇంట్లోకి వచ్చేసింది. అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ తమ్ముడూ పరిగెత్తాం. అలికిన నేల మీద లేతపసుపు పూలు, ముత్యాలు ఒలకబోసినట్టు. ఒక్కదానికీ మట్టి అంటలేదు. నోట్లో వేసుకుంటే తేనె, మింగాక గొంతులో చిన్న వగరు. ఎన్ని తిన్నామో లెక్క లేదు. ఆ రోజు బడిలో నేను పలక మీద తల పెట్టి నిద్రపోయాను, పంతులుగారు చెవి మెలిపెట్టినా లేవలేదట. రోజూ గంపెడు పడుతున్న ఆ పువ్వును ఏం చేయాలో అమ్మకు తెలియదు. నేల మీద ఉంటే చెత్త. ఎత్తి గేదెల తొట్లో పోసేది.

బడిలో దొరసాని కూతురు నా పక్క నుంచి లేచి వేరే వరసలో కూర్చోవడం మొదలెట్టింది. రెండు రోజులు చూసి మూడో రోజు వాగు దగ్గర పట్టుకుని అడిగాను. అది నా మొహం చూడకుండా చెప్పింది.

"మా చెట్టు మీరు గుంజుకున్నరు గద."

నేను గుంజుకోలేదన్నాను. చెట్టు మా చేలోనే ఉందన్నాను.

"చేను మీదే. ఇప్పచెట్టు కింద ఎవలు ఊడిస్తే పువ్వు వాళ్ళది. మా తాతల కాంచి మేమే ఊడుస్తున్నం. ఈ ఏడు మీ అమ్మ ఊడ్చింది, అలికింది, ముగ్గు గూడ ఏసింది. ఇంక మేమెట్ల వస్తం?"

అప్పుడు నాకు తెలిసిన కొత్త సంగతి ఇంకొకటి ఉంది. వానాకాలంలో గూడెంలో గింజలు అయిపోయిన రోజుల్లో వాళ్ళు తినేది ఆ పువ్వే. ఎండబెట్టి దాచుకుని, చింతగింజలతో ఉడకబెట్టుకుంటారు. ఆ గంపలే మా గేదెలు తింటున్నాయి.

ఈ సంగతి నేను వెంటనే ఇంట్లో చెప్పాలి కదా. చెప్పలేదు. మూడు రోజులు కడుపులో దాచుకున్నాను. నువ్వు తప్పు చేశావని అమ్మతో అన్నవాళ్ళు మా ఇంట్లో అప్పటికి ఎవరూ లేరు, నాన్నతో సహా. అదొకటి. రెండోది, చెబితే రేపటి నుంచి పొద్దున్నే ఆ పువ్వు నాది కాదు. ఇది ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాను.

నాలుగో రోజు పొద్దున అమ్మ గంప తెచ్చి తొట్లో పోస్తుంటే గట్టు మీద దొరసాని నిలబడి కనిపించింది. కట్టెల మోపుతో అడవి నుంచి వస్తూ ఆగినట్టుంది. గేదె తొట్లో మూతి పెట్టి నములుతుంటే కాసేపు చూసింది. మోపు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆమె ఒక్క తిట్టు తిట్టి ఉంటే నేను ఇంకో నాలుగు రోజులు దాచేదాన్నేమో. ఆ పూటే అమ్మ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను.

అమ్మ నా చేత రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత గడప మీద కూర్చుంది. పగటి పూట అమ్మ కూర్చోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఈ ముక్క వాళ్ళు ముందే చెప్పొచ్చుగా అంది చివరికి. మన ఇంటికొచ్చి మన అన్నం కుండ ఎత్తుకుపోయేవాడికి అది మనదని చెప్తామా అన్నాడు నాన్న. ఇప్పుడైనా నేను వెళ్ళి మాట్లాడి వస్తానని చొక్కా తగిలించుకున్నాడు.

"ఊడ్చింది నేను. చెరిపేదీ నేనే" అంది అమ్మ.

గంప తీసుకుని అడవి వైపు నడిచింది. వెనకాల నేను. మా చేనికి ఆ వైపంతా టేకు. గంప నిండా ఎండుటాకులు తొక్కి తొక్కి నింపి తెచ్చి ఇప్పచెట్టు కింద, తను అలికి ముగ్గు వేసిన నేల మీద కుమ్మరించింది. మళ్ళీ వెళ్ళింది. అలా ఎన్ని గంపలో. ఊడ్చిన మేరంతా చెత్త పరిచి, కాలితో చెదరగొట్టి, ఇంకా చాలదనిపించిన చోట ఇంకో గంప పోసింది. జీవితంలో ఒక్క ఆకు వాకిట్లో ఉంటే ఊరుకోని మనిషి, చెమటలు కక్కుతూ, శ్రద్ధగా చెత్త పోసింది. నాన్న గట్టు మీద కూర్చుని చూస్తూ వారం తర్వాత మొదటిసారి నవ్వాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకి నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు.

సాయంత్రం నన్ను తోడు తీసుకుని గూడెం వెళ్ళింది. దొరసాని గుడిసె ముందు కూర్చుని చీపుళ్ళు కడుతోంది. కూర్చోమని ఆమె అనలేదు, అమ్మ కూర్చోలేదు. అమ్మ నోటి నుంచి తప్పయిందన్న మాట వస్తుందని నేను ఎదురు చూస్తున్నాను. అదెక్కడ వస్తుంది?

"మా చేలో చెట్టు కింద చెత్త పేరుకుపోయింది దొరసానీ. ఊడ్చే దిక్కు లేదు."

ఆమె చుట్ట తీసి అమ్మ వైపు చూసింది. అమ్మ చేతులు చూసింది, మిరప ఘాటుకి పొక్కిన వేళ్ళు. లేచి మా వెంట నడిచింది. చెట్టు దగ్గరికి వచ్చి నిలబడి, వంగి ఒక ఆకు తీసింది. చేటంత టేకాకు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తల ఎత్తి ఇప్పచెట్టు కొమ్మల్లోకి చూసింది.

"ఇప్పచెట్టుకు టేకాకులు రాలంగ నేను ఇప్పుడే చూస్తున్న" అంది.

"ఈ ఏడు గాలెక్కువ" అంది అమ్మ.

ఆమె నవ్వింది. చుట్ట పొగ గొంతుకు అడ్డం పడి దగ్గి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. అమ్మకి నవ్వు రాలేదు గానీ మూతి బిగించిన తీరు చూస్తే ఎంత కష్టపడుతోందో తెలుస్తోంది. దొరసాని చెయ్యి చాపితే అమ్మ ఇంట్లోకి వెళ్ళి తన చీపురు తెచ్చి ఆ చేతిలో పెట్టింది. తను తప్ప ఎవరూ పట్టకూడని చీపురు. చీకటి పడేలోపు దొరసాని చెట్టు కింద ఊడ్చింది. టేకాకుల కింద నుంచి అమ్మ వేసిన ముగ్గు బయటపడితే మాత్రం దాన్ని చెరపకుండా వదిలేసింది.

మర్నాడు తెల్లవారకుండానే గూడెం పిల్లలూ ఆడవాళ్ళూ బుట్టలతో పువ్వు ఏరుకున్నారు. పొద్దెక్కాక పది మందీ మిరప చేలో దిగారు. సగం కాయ పోయింది, సగం దక్కింది. ఆ సగంతోనే ఆ ఏడు గడిచింది. కోత ముగిసిన రోజు అమ్మ పండుమిరపకాయ పచ్చడి జాడీడు గూడెం పంపింది. వానాకాలంలో దొరసాని ఉడికించిన ఇప్పపువ్వు ఆకులో చుట్టి కూతురి చేత పంపింది. ఆ పిల్ల వెళ్ళి ఏం చెబుతుందోనని అమ్మ దాని ఎదుటే కళ్ళు గట్టిగా మూసుకుని మొత్తం తినేసింది. తర్వాత లోపలికి వెళ్ళి ఇంత ఆవకాయ నూనె నాకింది.

ఆ తర్వాత అమ్మ చీపురు ఆ చెట్టు దాకా పోయి ఆగేది. నీడ పడే మేరకు ఒక గీత గీసినట్టు, దాని లోపలికి వెళ్ళేది కాదు. దొరసాని ఊడ్చే రోజున మాత్రం గీత బయట నిలబడేది. వేరేవాళ్ళు ఊడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం అమ్మకి నరకం. అదిగో అక్కడ వదిలేశావు, ఆ వేరు పక్కన చూడు, అంటూ ఉండేది. దొరసాని వినిపించుకోనట్టు ఊడ్చుకుపోయేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఇద్దరూ వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. అమ్మ మాటలో 'ఏంది' చేరింది, ఆమె ఇంట్లో మా ఆవకాయ జాడీ చేరింది.

నాకు పెళ్ళయి ఖమ్మం వచ్చేశాను. నాన్న పోయాడు. మిరప పోయి పత్తి వచ్చింది, పత్తి పోయి పామాయిల్ వచ్చింది. తోట వేసేటప్పుడు తమ్ముడు ఇప్పచెట్టు కొట్టేస్తానన్నాడు. దాని నీడకి పామాయిల్ మొక్కలు ఎదగవని వాడి బాధ, అదీ నిజమే. అమ్మ ఏడవలేదు, చెట్టుకి అడ్డం పడలేదు. నేల మనదిరా, చెట్టు మనది కాదు, ఊడ్చేవాళ్ళని అడిగి కొట్టుకో అంది. ఆ తర్వాత వాడితో మాటలు బంద్. అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. వాడు చివరికి గూడెం వెళ్ళి అడిగాడు. అప్పటికి బాగా ముసలిదైన దొరసాని అవునని అనలేదు, కాదని అనలేదు. మర్నాడు ముసురులో, ఊడ్చే కాలం కాని కాలంలో, కర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చి చెట్టు కింద తడి ఆకులు ఊడ్చి వెళ్ళిపోయింది. తమ్ముడు తెప్పించిన రంపం వెనక్కి పంపాడు. ఇప్పటికీ తోట నడుమ ఆ చెట్టు చుట్టూ ఖాళీ వదిలి ఉంటుంది.

దొరసాని పోయాక ఆమె కూతురు, అంటే నా చిన్ననాటి జతగత్తె, ఊడ్చేది. అమ్మకి కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు పోయాయి. నేను ఖమ్మం తీసుకొచ్చి ఉంచుకుంటే ఇల్లంతా ఊడ్చి, కింద వాళ్ళ మెట్లు కూడా ఊడ్చి, వాళ్ళకి శుభ్రం గురించి నాలుగు మాటలు చెప్పేది. కళ్ళ ఆపరేషన్ అయిన ఏడు, కట్టు విప్పిన వారానికే బస్సెక్కించమని పట్టు పట్టింది. శివరాత్రి వచ్చేస్తోంది, నాకక్కడ పనుంది అంటుంది. ఏం పనో చెప్పదు. దవాఖానాలో డాక్టరు నెల రోజులు దుమ్ములోకి పోవద్దన్నాడమ్మా అంటే, ఆ డాక్టరుకేం తెలుసు అంది. ఏటా ఇంతే. మొండితనం అనుకునేదాన్ని. తమ్ముడిని అడిగితే శివరాత్రి వెళ్ళాక ఒకసారి కర్ర పట్టుకుని గూడెం పోయి వస్తుంది, కబుర్లకి అనేవాడు.

పోయిన శ్రావణంలో, పొలం దగ్గరి ఇంట్లోనే, అమ్మ పొద్దున్నే స్టూలు మీద కూర్చుని వాకిట్లో తన చెయ్యి అందినంత మేర ఊడ్చి, కాఫీ తాగి, కాస్త నడుం వాలుస్తానని పడుకుని మళ్ళీ లేవలేదు. అలాంటి చావు అందరికీ రాదని ఊరంతా అంది. నేనూ అదే అనుకున్నాను. ఏడ్చాను గానీ, కడుపు నిండా బతికిన మనిషి కోసం ఏడ్చే ఏడుపు వేరుగా ఉంటుంది.

దమ్మపేట దాటాక తమ్ముడు స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్ళాడు. ముందు చెట్టు చూశాను. మోడు కొమ్మల చివర మొగ్గలు గుత్తులుగా వేలాడుతున్నాయి, కింద ఆకులు గుట్టలు. చేతులు నిజంగానే దురద పెట్టాయి. రక్తం ఎక్కడికి పోతుంది? గీత దాటకుండా గూడెం దారి పట్టాను.

నా జతగత్తె ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు సిమెంటు ఇల్లు. మనవడు బొగ్గు గనుల్లో బండి నడుపుతాడట, సత్తుపల్లిలో కిరాయికి ఉంటాడు. ఆమె జుట్టు నా కంటే తెల్లబడింది. నన్ను చూసి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అమ్మ గురించి మాట్లాడుకున్నాం, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఊడవడానికి ఓపిక లేకనా, పువ్వు అక్కరలేకనా, ఎందుకు రాలేదని ఎలా అడగాలో తెలియక నేను నాన్చుతున్నాను. గోడకి ఆనించి కొత్త చీపురు ఒకటి ఉంది, ఇంకా నేలకి తగలనిది. దాని వైపు చూస్తూ ఈ ఏడు రాలేదేం అన్నాను.

"ఎవలూ చెప్పలే గద" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమే విడమరిచి చెప్పింది. ఆ మొదటి ఏడు తర్వాత మా అమ్మ ఒక్క ఏడు కూడా తప్పలేదట. శివరాత్రి వెళ్ళాక వచ్చి గుమ్మం ముందు నిలబడేదట. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ వాళ్ళమ్మకి, ఆమె పోయాక తనకి అదే మాట చెప్పేదట. వాళ్ళమ్మ వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానలేదట. నిరుడు కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చి, ఆయాసం తీర్చుకుని, చెప్పి వెళ్ళిందట.

"ముసలామె పోయింది. చేను మీ తమ్ముడిదాయె. వాళ్ళ మనసులో ఏమున్నదో అని చూస్తున్న. చీపురైతే కట్టి పెట్టిన."

అంటే కళ్ళకు కట్టు విప్పగానే బస్సెక్కించమని గోల చేసింది ఈ ఒక్క మాట కోసమా? ఒక్కసారి చెప్పాల్సిన క్షమాపణ చెప్పలేక, దాన్ని అరవై ఏళ్ళు ఏటా ఒకసారి చొప్పున చెబుతూ వచ్చింది మా అమ్మ. నోరు తెరిచి తప్పయిందని మాత్రం చచ్చేదాకా అనలేదు. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అరుగు మీద నుంచి లేచి వెళ్ళి అమ్మ నిలబడే చోట, గుమ్మం ముందు నిలబడ్డాను.

"మా చేలో చెట్టు కింద చెత్త పేరుకుపోయింది. ఊడ్చే దిక్కు లేదు."

ఆమె చీపురు అందుకుంది.

సాయంత్రం ఎండ తగ్గాక ఊడవడం మొదలెట్టింది. ఆమె మనవరాలు ఆకులు గంపకెత్తుతోంది. తమ్ముడు స్టూలు తెచ్చి వేస్తే కాసేపు కూర్చుని ఊడ్చింది, కాసేపు నిలబడి ఊడ్చింది. నేను గీత బయట చేతులు కట్టుకుని నిలబడ్డాను. చెట్టు చుట్టూ నేల మెల్లగా బయటపడింది. అంతా అయిందని ఆమె నడుం పట్టుకుని నిటారుగా నిలబడితే, పెద్ద వేరు పక్కన దోసెడు ఆకులు అలాగే ఉండటం నాకు కనిపించింది. ఊరుకుందామనే అనుకున్నాను. ఊరుకోలేకపోయాను.

"అదిగో, ఆ వేరు పక్కన వదిలేశావు" అన్నాను.

ఆమె ఇటు తిరగలేదు.

"ఎరికే. మా అమ్మ గూడ ఏటా గాడనే వదిలేది. మీ అమ్మ అనాలె గద" అంది. తర్వాత వంగి, ఆ దోసెడు ఆకులు కూడా ఊడ్చేసింది.